ఆ రెండు నిమిషాలు

మా ఇంట్లో ఇప్పటిదాకా మూడు మణికట్లు విరిగాయి. మొదటిది నాది, 1997 వేసవి సెలవుల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు. రెండోది అమ్మది, పోయిన సంవత్సరం సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. మూడోది మా పాపది, అదే సంవత్సరం ఆగస్టులో. మూడూ దాదాపు ఒకేచోట విరిగాయి. పడబోతున్నామని తెలియగానే ఎవరైనా అరచెయ్యి ముందుకి చాస్తారు. ఒంటి బరువంతా అక్కడే ఆగుతుంది. హైస్కూల్లో రత్ని, అరత్ని అని బట్టీపట్టిన రెండు ఎముకల్లో బొటనవేలి వైపు ఉండే రత్ని, మణికట్టుకి కాస్త పైన విరుగుతుంది. విరిగిన ముక్క వెనక్కి జరిగిందంటే, పక్కనుంచి చూసినప్పుడు చెయ్యి బోర్లించిన ఫోర్కులా కనిపిస్తుంది.

జరిగిన ముక్కని మళ్లీ దాని చోటికి తేవాలి. ఒకరు మోచేతి పైన పట్టుకుని వెనక్కి లాగుతారు. ఇంకొకరు అరచెయ్యి పట్టుకుని ముందుకి లాగుతారు. ఆ లాగుడు వదలకుండానే బొటనవేళ్లతో ముక్కని నొక్కి దారిలో పెడతారు. ఎంతసేపూ కాదు, రెండు నిమిషాలు. అమ్మది రెండుసార్లు సెట్ చెయ్యాల్సి వచ్చింది కాబట్టి మా ఇంటి లెక్క నాలుగు సార్లు. నాలుగు సార్లలో రెండుసార్లు నొప్పికి ఏమీ చెయ్యలేదు, రెండుసార్లు చేశారు. నేను మామూలుగా ఇక్కడ నవలల గురించి రాస్తుంటాను. పగలు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వైద్యం నా విషయం కాదు. కానీ ఆ రెండు నిమిషాల గురించి మాత్రం ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలని చాలా నెలలుగా అనుకుంటున్నాను.

*

మాది పల్నాడులో ఒక పల్లె. నాన్న సైకిలు మీద కత్తెర తొక్కుడు నేర్చుకుంటూ చెరువుకట్ట దిగేచోట పడ్డాను. ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వ్యవసాయమే ఆయన పని, ఇది అడిగినవాళ్లకి చేసిపెట్టేవాడు. నులక మంచం మీద కూర్చోబెట్టారు. "ఏం చెయ్యనయ్యా, చూస్తానంతే" అన్నాడాయన. నాన్న వెనకనుంచి రెండు చేతులూ నా చుట్టూ వేసి బిగించి పట్టుకున్నాడు. బాబాయి మోచెయ్యి పట్టుకున్నాడు. "ఓర్చుకో నానా, అయిపోయింది, అయిపోయింది" అని నాన్న నా చెవిలో అంటూనే ఉన్నాడు. అప్పటికింకా మొదలే కాలేదు.

ఆ నొప్పి ఎలా ఉందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. గుర్తున్నవి వేరే. చెరుకుగడ విరిచినట్టు లోపల్నుంచి వచ్చిన చప్పుడు. నాన్న చొక్కా చెమట వాసన. 'అయిపోయింది' అన్న మాట అబద్ధమని ఆ వయసులో మొదటిసారి తెలియడం.

తర్వాత గుడ్డుసొన, ఏదో ఆకు పసరు, గుడ్డ, వెదురుబద్దలు. పుత్తూరు కట్టు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. చెయ్యి చక్కగా అతుక్కుంది. ఈరోజుకీ ఏ లోపం లేదు. అందుకే మా ఇంట్లో ఆ కథ ఎప్పుడు చెప్పుకున్నా "చూశావా, నిక్షేపంలా అతుక్కుంది" దగ్గర ముగుస్తుంది. అందులో ఆ పెద్దాయన పనితనం ఎంతో, నా వయసు ఎంతో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిల్లల ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. మణికట్టు దగ్గర వంకర కొద్దిగా మిగిలినా పెరిగే క్రమంలో అదే సరిచేసుకుంటుంది. చిన్నపిల్లల్లో ఎముక పూర్తిగా విరక్కుండా ఒకవైపు నొక్కుకుపోయే రకం ఉంటుంది, దాన్ని అసలు లాగక్కర్లేదు, కదలకుండా పట్టీ వేస్తే చాలు. అంటే పిల్లల విషయంలో నొప్పి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు, "దీన్ని సెట్ చెయ్యాలా, అక్కర్లేదా?" అని.

ఫలితం బాగుంటే మధ్యలో జరిగింది లెక్కలోకి రాదు. నాకు మాత్రం ఒకటి మిగిలింది. ఎవరైనా హఠాత్తుగా నా మణికట్టు పట్టుకుంటే చెయ్యి లాగేసుకుంటాను. వాచీ షాపులో బెల్టు సరిచేసే కుర్రాడు కూడా ఒకసారి "ఏంటి సార్, షాక్ కొట్టిందా?" అన్నాడు.

*

అమ్మ బాత్రూంలో జారింది. అరవై రెండేళ్లు. నేను పండక్కి ముందే వెళ్లి ఉన్నాను కాబట్టి నేనే కార్లో దగ్గర్లో ఉన్న టౌనుకి తీసుకెళ్లాను. చిన్న ఆసుపత్రి, పండగ రోజులు, ఒక్కడే డ్యూటీ డాక్టరు. ఎక్స్‌రే తీశారు. తుంటికి ఒక నొప్పి ఇంజక్షన్ ఇచ్చారు. ఇచ్చి ఐదు నిమిషాలు కూడా కాలేదు, "ఒక్క లాగు లాగితే అయిపోతుందమ్మా, ఓర్చుకోవాలి" అని కాంపౌండర్ని పిలిచాడు. అమ్మ "పర్లేదు బాబూ, కానివ్వండి" అంది.

నేను పక్కనే ఉన్నాను. ల్యాప్‌టాప్ కొనేముందు షాపువాణ్ని ఇరవై ప్రశ్నలు అడిగే మనిషిని. ఆ రోజు ఒక్కటీ అడగలేదు. నాన్న నన్ను పట్టుకున్నట్టే నేను అమ్మ భుజాలు పట్టుకున్నాను. నోటివెంట అదే మాట వచ్చింది. "అయిపోయిందమ్మా, అయిపోయింది."

అమ్మ అరవలేదు. పళ్లు బిగించి గోడకేసి చూసింది. చీర కొంగు నోట్లో పెట్టుకుంది. అయ్యాక ఒళ్లంతా వణికింది, చెమటలు పట్టాయి. ఇంటికి వస్తుంటే కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఊరి మలుపు తిరుగుతుంటే అంది: "నీ పురుడప్పుడు కూడా ఇంత లేదురా."

ఆ రాత్రి కట్టులోపల చెయ్యి ఉబ్బింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎలా ఉందని అడిగితే "పర్లేదు, సలుపుతోంది" అంది. తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని ఉంది, నిద్రే పోలేదు. కట్టు వేశాక నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, వేళ్లు మొద్దుబారినా, వేళ్లు చాచితే ప్రాణం పోతున్నట్టున్నా ఆగకూడదట, వెంటనే వెళ్లి కట్టు వదులు చేయించుకోవాలట. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోతే కండరాలు చచ్చిపోతాయి. ఇది నాకు మర్నాడు తెలిసింది. ఆ రాత్రి అమ్మ ఓర్పు అమ్మ చేతికే ముప్పు తెచ్చేది.

పొద్దున్నే పక్క వీధిలోని నర్సు చేత కట్టు వదులు చేయించి, హైదరాబాదు బయల్దేరాం. కొత్త ఎక్స్‌రేలో ముక్క సరిగ్గా కూర్చోలేదని తేలింది. మళ్లీ లాగాలన్నారు. అమ్మ మొహం పాలిపోయింది. అప్పటికి నేను మారిపోయి గట్టిగా అడిగేశానని రాసుకోవాలని ఉంది గానీ, అడగలేదు. అక్కడున్న ఆర్థో డాక్టరు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆవిడకి, అడక్కుండానే చెప్పింది. "నొప్పి తెలీకుండా ఇంజక్షన్ ఇస్తానమ్మా. పళ్ల డాక్టరు చిగురుకి ఇస్తారే, అదే మందు."

మణికట్టు వెనకవైపు శుభ్రం చేసి, సూది సరిగ్గా విరిగినచోట దించింది. సిరంజి వెనక్కి లాగితే నల్లటి రక్తం వచ్చింది. "ఇది వచ్చిందంటే సరైన చోట ఉన్నాం" అంది. ఎముక విరిగినప్పుడు చుట్టూ రక్తం గూడు కడుతుంది. ఆ గూటిలోకే లిగ్నోకెయిన్ ఎక్కిస్తారు. హెమటోమా బ్లాక్ అంటారు. నిన్నటి దెబ్బే కాబట్టి ఇది పనిచేస్తుందట, రోజులు గడిచి రక్తం గడ్డకట్టేస్తే మందు సరిగ్గా పాకదట. ఒంటి బరువుని బట్టి మోతాదు లెక్కేసింది. ఆ మందు ఎక్కువైతే ఫిట్స్ రావొచ్చు, గుండె లయ తప్పొచ్చు. తర్వాత పదిహేను నిమిషాలు ఎవరూ ఏమీ చెయ్యలేదు. అమ్మ ఆవిడ పెళ్లి గురించి ఆరా తీసింది.

తర్వాత అదే లాగుడు. అవే రెండు నిమిషాలు. అమ్మ భుజం పట్టుకున్న నాకు తెలిసిన తేడా ఒక్కటే, ఈసారి కండ బిగుసుకోలేదు. డాక్టరు తర్వాత చెప్పింది, నొప్పి పుడితే ముంజేతి కండరాలు బిగిసి విరిగిన ముక్కని ఇంకా లోపలికి లాక్కుంటాయని, నొప్పి లేకపోతేనే ముక్క మాట వింటుందని. నొప్పి తీయడం రోగి మీద జాలితో అదనంగా చేసే పని అని అప్పటిదాకా నా మనసులో ఉంది. ఎముక కుదరడానికి అది కూడా ఒక పనిముట్టేనని అప్పుడు అర్థమైంది.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది అమ్మ. కట్టు వేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. అంతా అయ్యి బయట బెంచీ మీద కూర్చున్నాక ఏడ్చింది. లాగినప్పుడు ఏడవని మనిషి, నొప్పి లేకుండా అయ్యాక ఏడ్చింది. "మరి మొన్న ఎందుకు ఇవ్వలేదురా ఆ ఇంజక్షన్?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

*

ఆ జవాబు కోసం తర్వాత చాలా చదివాను.

మొదట అనుకున్నది డబ్బు. కాదు. లిగ్నోకెయిన్ వంద రూపాయల్లోపు దొరికే మందు. స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు, 1948 నుంచి బజార్లో ఉంది. తర్వాత అనుకున్నది కొత్త పరిజ్ఞానం అని. అదీ కాదు. ఈ ఎముక విరుగుడుని 1814లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలీస్ వివరంగా రాశాడు. ఎక్స్‌రే రావడానికి ఇంకా ఎనభై ఏళ్లుంది, చేత్తో తడిమి చూసే రాశాడు. అందుకే పెద్దవాళ్లకి విరిగే ఈ రకాన్ని ఇప్పటికీ కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. ఆయన 1843లో పోయాడు. ఈథర్ మత్తుతో బోస్టన్‌లో అందరిముందూ ఆపరేషన్ చేసి చూపించింది 1846లో. కోలీస్ చేతిలో చెయ్యి పెట్టినవాళ్లకి ఓర్చుకోవడం తప్ప దారి లేదు. మా అమ్మకి ఉంది.

1908లోనే జర్మన్ సర్జన్ ఆగస్ట్ బీర్ ఇంకో పద్ధతి చెప్పాడు. పై చేతికి పట్టీ బిగించి రక్తప్రసారం ఆపి, కింద నరంలోకి మత్తుమందు ఎక్కిస్తే మోచేతి కింద చెయ్యంతా మొద్దుబారుతుంది. పట్టీ తొందరపడి వదిలితే మందంతా ఒక్కసారి గుండెకి చేరుతుంది కాబట్టి నేర్చినవాళ్లే చెయ్యాలి. బ్రిటన్‌లో 2016 మార్గదర్శకాలు పెద్దవాళ్ల మణికట్టు సెట్ చేసేటప్పుడు ఈ బీర్ బ్లాక్‌ని పరిశీలించమంటాయి, ముక్కుకి గ్యాస్ ఒక్కటే పెట్టి లాగొద్దంటాయి. ఈ బీర్ అంతకు పదేళ్ల ముందు వెన్నులో మత్తు పనిచేస్తోందో లేదో చూడ్డానికి తన సహాయకుడి మోకాలికింద ఎముక మీద ఇనప సుత్తితో కొట్టి చూసిన మనిషి. నొప్పి లేదని తేలింది. మర్నాడు దెబ్బలు మాత్రం తేలాయి.

మరి ఎందుకివ్వలేదు? నాకు తోచింది చెప్తాను. ఒకటి, ఆ పదిహేను నిమిషాలు. బయట బెంచీల మీద జనం ఉన్నప్పుడు ఒక్క డాక్టరుకి పదిహేను నిమిషాల ఖాళీ చాలా పెద్ద ఖర్చు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రెండోది, "పర్లేదు, కానివ్వండి" అన్న అమ్మ మాట. మూడోది నేను. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ఎముక అంటేనే నొప్పి, లాగితే నొప్పి పుడుతుంది, రెండు నిమిషాలేగా అని ముగ్గురం ఒప్పుకున్నాం. మన సినిమాల్లో హీరో గుడ్డ నోట్లో కుక్కుకుని బుల్లెట్ తీయించుకుంటాడు. కథల్లో తల్లులు అన్నీ ఓర్చుకుంటారు. ఓర్పు మన భాషలో పెద్ద గుణం. కానీ ఆ మాట ఆజ్ఞగా మారినప్పుడు చూడండి. 'ఓర్చుకో' అని నొప్పి పడేవాళ్లు ఎప్పుడూ అనరు. పక్కన నిలబడ్డవాళ్లే అంటారు.

అమ్మ ఆ రాత్రి 'సలుపుతోంది' అంది. ఆ మాట మీద ఆగి ఉంటే బాగుండేది. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఆ నెలలో లెక్కపెట్టాను. సలుపు, పోటు, మంట, తీపు, పీకు, లాగు, గుచ్చు, జివ్వుమనడం, కలుక్కుమనడం. రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా సైకాలజిస్టు 1975లో రోగులు నొప్పి గురించి వాడే 78 మాటల్ని గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నపత్రం చేశాడు, ఏ మాట ఎంచుకుంటారో దాన్నిబట్టి నొప్పి రకం, తీవ్రత అంచనా వేస్తారు. మా అమ్మమ్మ ఒక్కతే అందులో సగం మాటలు ఇచ్చేది. వర్జీనియా వూల్ఫ్ 1926లో జబ్బు మీద రాసిన వ్యాసంలో తలనొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటల్లేవని వాపోయింది. మనకి మాటల కొరత లేదు. కట్టులో చెయ్యి సలపడం వేరు, పీకడం వేరు, మంట వేరు అని అమ్మకి తెలుసు. అవన్నీ పక్కనపెట్టి డాక్టరు ముందు 'పర్లేదు' అనే ఒక్క మాట వాడుతుంది. ఆ మాట వినగానే అడిగేవాళ్లకి పని తగ్గుతుంది.

*

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంటు ప్లే ఏరియాలో పాప కమ్మీలకి వేలాడుతూ చెయ్యి జారి పడింది. ఏడేళ్లు. నేను కిందకి పరిగెత్తేసరికి ఎడమచెయ్యి ఫోర్కులా ఉంది. నాకు కాళ్లు ఆడలేదు. మా ఆవిడే ఒక మ్యాగజైన్‌ని చేతికింద పెట్టి చున్నీతో కట్టింది. కదలకుండా కడితేనే సగం నొప్పి తగ్గుతుందని అప్పుడు చూశాను. వెక్కిళ్లు ఏడుపులోకి, ఏడుపు మూలుగులోకి దిగాయి.

ఈసారి వెళ్లింది వేరే ఆసుపత్రి. ఎక్స్‌రేకి పంపేముందే నర్సు బరువు చూసి సిరప్ పట్టించింది. ఒక అట్ట తెచ్చి పాప ముందు పెట్టింది. ఆరు మొహాల బొమ్మలు, మొదటిది నవ్వుతూ, చివరిది కన్నీళ్లతో. అమెరికాలో టల్సాలో కాలిన గాయాల పిల్లల దగ్గర పనిచేసిన డోనా వాంగ్, కానీ బేకర్ అనే ఇద్దరు 1980ల మొదట్లో పిల్లల బొమ్మల ఆధారంగా తయారుచేసింది అది. అంకెలు రాని పిల్లలు కూడా బొమ్మ చూపించగలరని. పాప ఆలోచించకుండా చివరిది చూపించింది. అరగంట తర్వాత నాలుగోది. 'పర్లేదు' అనడం దానికింకా రాదు.

డాక్టరు వచ్చాడు. నేను ఇంటి దగ్గర్నుంచి దారి పొడవునా నోట్లో నానబెట్టుకుంటూ వచ్చిన ప్రశ్న అడిగాను. "నొప్పి తెలీకుండా ఎలా చేస్తారు?" గొంతు కాస్త ఎక్కువే లేచినట్టుంది, మా ఆవిడ చెయ్యి నొక్కింది. ఆయన కోప్పడలేదు. ముందు సెట్ చెయ్యాలా వద్దా చెప్పాడు. రెండు ఎముకలూ విరిగి, ముక్క పూర్తిగా పక్కకి జరిగింది కాబట్టి చెయ్యాలి. హెమటోమా బ్లాక్ కుదరదా అన్నాను. పెద్ద పిల్లలకి చేస్తామండీ, కానీ ఏడేళ్ల పిల్ల విరిగిన చోట సూది దించుతుంటే చూస్తూ కదలకుండా ఉండాలి, నొప్పి పోయినా భయం పోదు కదా, అన్నాడు. కెటమిన్ ఇస్తామన్నాడు. మత్తు డాక్టరు పక్కనే ఉంటారు, ఆక్సిజన్, నోట్లో ఊరేది లాగే గొట్టం అన్నీ సిద్ధంగా ఉంటాయి. అరుదుగా గొంతు బిగుసుకుంటుంది, లేచాక వాంతులు కావొచ్చు, కాసేపు కలవరించొచ్చు. ఏం జరగొచ్చో అన్నీ చెప్పాకే సంతకం అడిగారు.

అప్పుడొక ప్రశ్న నన్ను పట్టుకుంది. మత్తులో లాగితే నొప్పి ఉండదా, లేక గుర్తుండదా? రెండూ ఒకటి కాదు. మిడజోలం లాంటి మందు ఒక్కటే ఇచ్చి లాగితే పిల్ల మగతగా ఉంటుంది, తర్వాత ఏమీ గుర్తుండకపోవచ్చు, కానీ ఆ మందులో నొప్పి తీసే గుణం లేదు. ఆ రెండు నిమిషాలూ నొప్పి ఉంటుంది, దాని రికార్డు మాత్రం మిగలదు. నా పనిలో దీన్ని లాగ్స్ డిలీట్ చేసి బగ్ పోయిందనడం అంటారు. మత్తు డాక్టరుని అడిగాను. ఆవిడ నవ్వి, "మంచి ప్రశ్నే. ఇది నొప్పినే తీస్తుంది. గుర్తుండకపోవడం అదనం" అంది.

కెటమిన్‌ని 1962లో కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశాడు. 1964లో ఎడ్వర్డ్ డొమినో, గ్వెంటర్ కార్సెన్ మనుషుల మీద మొదటిసారి వాడారు. రోగి కళ్లు తెరిచే ఉంటాడు, ఊపిరి తీసుకుంటాడు, ఒంట్లో ఉన్నట్టే ఉండడు. ఈ వింత స్థితికి పేరు దొరక్క డొమినో ఇంట్లో చెప్తే, ఆయన భార్య 'డిసోసియేటివ్' అనే మాట ఇచ్చిందట. మనసు ఒంటికి దూరంగా జరిగి నిలబడటం.

"కళ్లు తెరిచి మీకేసే చూస్తున్నట్టుంటుంది, చూడదు. భయపడకండి" అని ముందే చెప్పారు. పాపని "ఎక్కడికెళ్తావు?" అని అడిగారు. నిద్రలోకి జారేముందు ఏది తలుచుకుంటే అదే వెంట వస్తుందట. "సూర్యలంక బీచ్" అంది. మందు ఎక్కిన నిమిషానికి కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. నేను పిలిచాను. పలకలేదు.

పట్టుకోమని నన్నెవరూ అడగలేదు. ఆ గదిలో నా చేతులకి పని లేదు. లాగారు. ఆ చప్పుడు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాను. నా ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది. పాప మొహంలో ఏ మార్పూ లేదు. ఒక్క కండా బిగుసుకోలేదు.

లేచాక రెండుసార్లు వాంతి చేసుకుంది. "డాడీ, నీకు రెండు ముక్కులున్నాయి" అంది. ఇంకాసేపటికి కట్టు చూసుకుని, "లాగడం ఎప్పుడు?" అని అడిగింది. అయిపోయిందన్నాను. నమ్మలేదు. వాళ్లమ్మ చెప్పాక నమ్మింది. నా ఇల్లు, నా నోరు, అదే మాట. ఈసారి నిజంగానే అయిపోయింది.

*

1987లో లాన్సెట్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, తన సహచరులతో కలిసి, నెలలు నిండని పసికందుల ఆపరేషన్ల మీద చేసింది. అప్పట్లో అంత చిన్న పిల్లలకి బలమైన నొప్పి మందు ఇవ్వకుండా, కదలకుండా చేసే మందు, కొంచెం గ్యాస్‌తోనే ఆపరేషన్లు జరిగిపోయేవి. వాళ్లకి నొప్పి అంతగా తెలీదని, మందు తట్టుకోలేరని నమ్మకం. ఫెంటనిల్ కలిపి ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువున్నాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ తగ్గాయి. నేను పుట్టడానికి ఒక సంవత్సరం ముందు మాట ఇది. పసిపిల్లలకి నొప్పి తెలుస్తుందని రుజువు చెయ్యాల్సి రావడం నాకు వింతగా అనిపించింది. తర్వాత అమ్మ గుర్తొచ్చింది. పిల్లలకేం తెలుస్తుంది, ఆడవాళ్లు ఓర్చుకుంటారు, పెద్దవాళ్లు అలవాటు పడతారు. ఎవరి నొప్పిని తక్కువగా లెక్కేయాలన్నా మన దగ్గర ఒక వాక్యం తయారుగా ఉంది.

పాప నిద్రపోయాక ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. తర్వాత, ఎప్పుడూ అడగనిది, నా చెయ్యి విరిగిన రోజు గురించి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

"నువ్వు అరిచింది ఇంకా వినపడుద్దిరా" అన్నాడు. "మత్తు ఇచ్చే చోటుకి పోవాలంటే గుంటూరు పోవాలి. ఆ టయానికి బస్సు లేదు, చేతిలో డబ్బులు లేవు. ఇంకేం చెయ్యాలో తెలియలా. అయిపోయింది అయిపోయింది అంటా ఉన్నా. నాకు నేను చెప్పుకున్నా అదంతా."

ఇన్నేళ్లూ ఆ అబద్ధాన్ని నాన్న మీద ఒక చిన్న ఫిర్యాదులా దాచుకున్నాను. నాన్న దగ్గర నాకివ్వడానికి ఆ మాట తప్ప ఇంకేం లేదు. ఉన్నదిచ్చాడు. అమ్మ భుజాలు పట్టుకున్న రోజు నా దగ్గర కారు ఉంది, డబ్బుంది, జేబులో ఫోన్ ఉంది. 'మత్తు ఏమైనా ఇస్తారా డాక్టర్ గారూ?' అని అడిగే నోరుంది. నేనూ ఆ మాటే ఇచ్చాను.

పాప కట్టు అక్టోబరుకి ముందే విప్పేశారు. రంపం చప్పుడుకి భయపడితే, కట్టు విప్పే అతను ఆ రంపాన్ని తన అరచేతికి ఆనించి చూపించాడు, అది అటూ ఇటూ అదురుతుందే తప్ప చర్మాన్ని కొయ్యదని. అమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ఆ వయసు ఎముక పిల్లల ఎముకలా సరిచేసుకోదు. ఎముకల సాంద్రత పరీక్ష చేయించాం, మాత్రలు వాడుతోంది. రోజూ బంతి నొక్కుతూ, టవల్ పిండుతూ వ్యాయామాలు చేస్తోంది.

ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు చెయ్యి ఎలా ఉందని అడిగితే "పర్లేదు" అనేది. అడగడం మార్చాను. పదికి ఎంత అని అడుగుతున్నాను. మొదట్లో నవ్వేది, పరీక్షలో మార్కులా ఏంటి అనేది. మొన్న అడిగితే నవ్వలేదు. కాస్త ఆలోచించుకుని, "పొద్దున నాలుగు. టవల్ పిండేటప్పుడు మాత్రం ఆరు. బొటనవేలి వైపు పీకుతోంది" అంది.

రాసుకున్నాను. డాక్టరుకి చెప్పాలి.